మా ఇంటికి మధ్యాహ్నం వచ్చే కొత్త ఫోను

మా అబ్బాయి చేసే ఉద్యోగం ఏమిటో నాకు అర్థం కాదని వాడి గట్టి నమ్మకం. అర్థమైందని నేనూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే వివరించడం మానేస్తాడు, వాడు వివరిస్తుంటే చూడ్డం నాకు సరదా. తింటున్నవాడు తినడం ఆపేసి, కంచంలో వేలితో గీతలు గీసి మరీ చెప్తాడు. కూర చల్లారిపోతోంది మహానుభావా అని కోడలు మొత్తుకుంటుంది. వాడి చెవికెక్కితేగా.

వాడు చెప్పేది ఇదీ. ప్రతి ఫోనుకీ పుట్టుకతో వచ్చిన అడ్రస్ ఒకటి ఉంటుందట. మనం ఏ షాపులోకి వెళ్ళినా, ఏ ఆసుపత్రి ముందు నుంచి నడిచినా, అక్కడున్న వైఫై డబ్బాలకి మన ఫోను ఎవరూ అడక్కుండానే ఆ అడ్రస్ చెప్పుకుంటూ పోతుందట. ఆ డబ్బాలవాళ్ళు దాన్ని పట్టుకుని, ఈ మనిషి మొన్న ఇక్కడికొచ్చింది, నిన్న అక్కడికెళ్ళింది అని మొత్తం కూపీ లాగేస్తారట. మా వాడూ వాడి జట్టూ చేసే పనల్లా, ఫోను చోటు మారినప్పుడల్లా అప్పటికప్పుడు ఒక అడ్రస్ కల్పించి చెప్పేలా చెయ్యడం. ఇవాళ ఒకటి, రేపు ఇంకోటి. నిన్నటి మనిషీ ఇవాళ్టి మనిషీ ఒకరేనని ఎవడూ కనిపెట్టలేడు.

"ఒకావిడ ఎక్కడికెళ్తుందో, ఎవర్ని కలుస్తుందో లోకానికెందుకమ్మా? తప్పు చేస్తోందని కాదు దాచుకునేది. అది ఆవిడ సొంతం, అంతే" అన్నాడు ఒకసారి.

ఆ మాటకి నాకు వాడి మీద ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. పెళ్ళికి ముందు నుంచి రిటైరయ్యేదాకా నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. ఊరి గుట్టంతా నా చేతుల మీదుగానే వెళ్ళింది. లైను కలపడం వరకే మా పని, కలిపాక అవతల ఏం మాట్లాడుకున్నా మన చెవిన పడకూడదు, పడ్డా నోటి దాకా రాకూడదు. మా ఆయన ఎన్నిసార్లు గుచ్చి గుచ్చి అడిగినా ఒక్క ముక్క బయటపెట్టలేదు నేను. నా బుద్ధే నా కొడుక్కీ వచ్చిందని మురిసిపోయాను.

ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. వానల్లో ఒకరోజు మెట్ల మీద జారి పడ్డాను. ఎముక విరగలేదు, మోకాలు కమిలింది, అంతే. వీడు ఆఫీసు నుంచి పరుగున వచ్చి, కాలికి కట్టు కట్టించి, తర్వాత నా ఫోను తీసుకున్నాడు. సెట్టింగుల్లోకి వెళ్ళి, నాకు చూపిస్తూనే, తను ఇంత కష్టపడి కనిపెట్టిన ఆ అడ్రస్ మార్చే ఏర్పాటు ఆపేశాడు. ఇంట్లో దీనితో పనిలేదమ్మా, మన డబ్బా నిన్ను గుర్తుపట్టాలిగా అన్నాడు. ఆ రోజు నుంచీ వాడి ఫోనులో "అమ్మ" అని ఒక పచ్చ చుక్క, నా ఫోను మా డబ్బాకి అందుతున్నంతసేపూ వెలుగుతుంది. నేను గడప దాటి నాలుగడుగులు వేస్తే చాలు, చుక్క ఆరిపోవడం, వాడి ఫోను కుయ్యిమనడం, నా ఫోను మోగడం. ఎక్కడికమ్మా? పాలకి నాయనా. ఎక్కడికమ్మా? గాలికి నాయనా. నాకు ఒళ్ళు మండిపోయేది.

కానీ గట్టిగా కసరలేకపోయాను. దానికో కారణముంది. వీళ్ళ నాన్న పోయింది బస్టాపులో. కూరలు కొనుక్కుని వస్తూ బెంచీ మీద కూర్చున్నారు, కూర్చున్నట్టే ఉన్నారు. పడుకున్నారేమో అనుకున్నారట అందరూ. వీడు ఫోను మీద ఫోను చేస్తూనే ఉన్నాడు, ఆయన జేబులో అది మోగుతూనే ఉంది, వీధి దీపాలు వెలిగేదాకా ఎవరూ ఎత్తలేదు. అప్పట్నుంచి అవతల ఎవరైనా ఫోను ఎత్తకపోతే వీడికి చెమటలు పట్టేస్తాయి. తల్లిని నాకు తెలీదా, అందుకే పళ్ళు బిగపట్టి ఓర్చుకున్నాను.

ఓర్చుకోలేని సంగతి ఒకటి తర్వాత వచ్చింది. అదే తేనె మేడమ్.

ఎక్స్ఛేంజిలో ఆవిడ మా సూపర్వైజరు. అసలు పేరు చెప్తే ఎవరికీ తెలీదు, తేనె మేడమ్ అంటే ఊరంతా గుర్తుపట్టేది. అంత గొంతు ఆవిడది. "నంబర్ చెప్పండి" అని ఆవిడంటే, చెయ్యాల్సిన నంబరు మర్చిపోయిన మగాళ్ళున్నారు. కొందరు కరెంటాఫీసుకి చేస్తున్నామని అబద్ధం చెప్పి ఆవిడ గొంతు వినడానికే చేసేవారు. మేమంతా కుళ్ళుకునేవాళ్ళం, మళ్ళీ ఆవిడ లాగా మాట్లాడాలని ఇంట్లో అద్దం ముందు నిలబడి సాధన చేసేవాళ్ళం. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ మాటా పడిపోయాయి. చెయ్యి కొంత వచ్చింది, మాట రాలేదు.

మా వీధి చివర్న లాండ్రీ కొట్టుంది, దాని వెనక గదిలో అద్దెకుంటోందని లాండ్రీ ఆవిడ చెప్తే వెళ్ళాను. ఇస్త్రీ ఆవిరి వాసనతో చిన్న గది, ఒక మంచం, ఒక బల్ల, కిటికీ అవతల ఆరేసిన దుప్పట్లు. ఆవిడ నన్ను చూసి నవ్వింది, ఏదో అనబోయింది. వచ్చిన శబ్దం విని ఆవిడే హడలిపోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ఏడవలేదు. ఏడిస్తే ఆవిడ నన్ను గెంటేసేది, నాకు తెలుసు. కుర్చీ లాక్కుని కూర్చుని, "హలో ఎక్స్ఛేంజీ, రైల్వే స్టేషన్ ఇస్తారా?" అన్నాను. ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. తర్వాత పెదాలు కూడదీసుకుని "క... క..." అంది. కలుపుతున్నాను అనబోయింది పాపం.

అలా మొదలైంది మా ఆట. రోజూ మధ్యాహ్నం నేను ఊళ్ళోవాళ్ళని, ఆవిడ ఆపరేటర్. నేను ఆసుపత్రి అడుగుతాను, మిల్లు అడుగుతాను, కోపిష్ఠి కాంట్రాక్టర్నై ఇంకా ఎంతసేపండీ అని అరుస్తాను. ఆవిడ కలుపుతున్నాను అనాలి, లైను ఖాళీ లేదు అనాలి. ఒక్కో మాట పలకడానికి ముఖమంతా ఎర్రబడిపోయేది. ఒకసారి లాండ్రీ ఆవిడ దుప్పటి ఇవ్వడానికి తలుపు దగ్గర నిలబడి వింటే, ఇక ఆ రోజు నోరు విప్పితే ఒట్టు. ఆమె వెళ్ళాక నా చెయ్యి పట్టుకుని, ఒక్కో అక్షరం లాగి లాగి, "ఎవరికీ వద్దు" అంది. సరే మేడమ్, నా నోటి వెంట రాదు అన్నాను.

ఇప్పుడు చెప్పండి, ఈ సంగతి మా వాడికెలా చెప్పను? చెడ్డవాడైతే భయం ఉండేది కాదు. వీడు మంచివాడు, అదీ గొడవ. తెలిసిన మర్నాడే పెద్ద డాక్టర్ని వెంటేసుకుని, పళ్ళబుట్ట పుచ్చుకుని, మాటలు నేర్పే యాప్ ఒకటి ఫోనులో వేసుకుని ఆ గదిలో ప్రత్యక్షమవుతాడు. ఆవిడ నోరు మూసేస్తుంది. ఈసారి మూసిందంటే మళ్ళీ తెరవదు. వాడికి అబద్ధాలు చెప్దామా అంటే రోజూ ఒకే వేళకి గాలికి వెళ్తున్నానంటే ఎన్నాళ్ళు నమ్ముతాడు?

అందుకని బుర్రకి పదును పెట్టాను. ఆపే మీట ఏదో వాడే నా కళ్ళముందు చూపించాడు. ఆపే మీట తెలిస్తే వేసే మీట కూడా అదేగా. అక్కడే "మారుతూ ఉండేది" అని కూడా ఒకటుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అది నొక్కాను. నా ఫోను కొత్త అడ్రస్ కట్టుకుంది, డబ్బా దృష్టిలో అమ్మ ఎగిరిపోయింది, ఎవరో పరాయి మనిషి ఇంట్లోకొచ్చింది. వెంటనే ఫోను మోగింది. ఎక్కడికమ్మా? ఎక్కడికీ లేదురా, ఇదిగో మిక్సీ వేస్తున్నా, విను అని మిక్సీ తిప్పాను. అదేంటి, చుక్క ఆరిపోయిందే అని వాడు గొణుక్కున్నాడు. వాడు ఇంటికొచ్చే వేళకి మళ్ళీ మామూలుగా పెట్టేశాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. చుక్క ఆరడం, వాడు చెయ్యడం, నేను మిక్సీ తిప్పడం. ఆ వారం రుబ్బడానికి ఏమీ లేక ఉత్త నీళ్ళు రుబ్బాను.

డబ్బాకి పిచ్చెక్కిందని వాడు కొత్త డబ్బా కొనుక్కొచ్చాడు. దానికీ అదే పిచ్చి. చివరికి విసుగొచ్చి ఆ కుయ్యిమనడం పట్టించుకోవడం మానేశాడు. అప్పుడు నేను చెప్పులేసుకుని దర్జాగా తేనె మేడమ్ దగ్గరికి బయల్దేరాను. నా తెలివికి నేనే మురిసిపోతూ వెళ్ళాను, ఎందుకు అబద్ధం.

కోడలికి మాత్రం అనుమానం వచ్చింది. ఒకరోజు నా చెప్పుల వైపు చూసి, అత్తయ్యా, ఇంట్లో కూర్చుంటే చెప్పులకి దుమ్మెలా అంటుతుంది అంది. నేను టీ కలపమన్నాను. కలిపిచ్చింది, మళ్ళీ అడగలేదు. మంచి పిల్ల.

నేను లెక్క వేసుకోనిది ఒకటుంది. డబ్బా పోయినవాళ్ళనే కాదు, వచ్చినవాళ్ళనీ గుర్తుపెట్టుకుంటుంది. మా వాడు ఒకరోజు తీరిగ్గా దాన్ని తెరిచి చూస్తే, రోజూ మధ్యాహ్నం మా ఇంట్లో ఎవరిదో ఫోను. రోజుకో కొత్త ఫోను. లోకంలో అందరి అడ్రస్‌లూ మార్చే ఘనుడికి, తన అమ్మ కూడా ఆ పని చెయ్యగలదని తట్టనే లేదు. నా ఫోను సాయంత్రం తీసి చూశాడు కూడా, వాడు పెట్టినట్టే బుద్ధిగా ఉంది. దాంతో వాడికి అర్థమైంది ఏమిటంటే, ఎవరో ముఠావాళ్ళు రోజుకొకరు చొప్పున వచ్చి అమాయకురాలైన అమ్మకి ఏదో అంటగడుతున్నారని.

అన్నం దగ్గర మెల్లగా కదిపాడు. మధ్యాహ్నం ఎవరైనా వస్తున్నారా అమ్మా అన్నాడు. నా దగ్గరికెవరొస్తార్రా అన్నాను. అది నిజమేగా. కోడలు కంచంలోంచి తలెత్తలేదు, నవ్వుకి భుజాలు మాత్రం కదులుతున్నాయి. వాడు వైఫై పాస్‌వర్డ్ మార్చేశాడు. మార్చి, నాకు చేతకాదని, నా ఫోనులో కొత్తది తనే కొట్టిపెట్టాడు. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ ఎవరో కొత్త మనిషి. ఇక ఆగలేక, వాళ్ళని పట్టుకుందామని ఆఫీసులో చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చేశాడు.

నేను ఇవేమీ తెలియకుండా తేనె మేడమ్ గదిలో ఉన్నాను. అక్కడుండగా ఫోను నోరు నొక్కేసి సంచిలో పడేస్తాను. మోగితే ఆవిడ ఉలిక్కిపడి, పలుకుతున్న మాట మింగేస్తుంది. ఆ రోజు ఆవిడ మొదటిసారి "కలుపుతున్నానండీ" అని అండీతో సహా అంది. ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం.

తిరిగొచ్చేసరికి మా వాడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చెమటకి చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది, కాళ్ళకి చెప్పుల్లేవు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు. సంచిలోంచి ఫోను తీసి చూస్తే, నేను ఎత్తని కాల్స్ అన్నీ వాడు చేసినవే. ఇంటికి తాళం చూశాడట, ఫోను చేస్తే నేనెత్తలేదట. పాల కొట్టూ, పార్కూ, ఆసుపత్రీ అన్నీ తిరిగి, చివరికి ఆ బస్టాపుకి కూడా వెళ్ళాడట. అక్కడ బెంచీ ఖాళీగా ఉందట. అంత పెద్దవాడి తల నా ఒళ్ళోకి లాక్కున్నాను, మెట్ల మీదే, ఎవరు చూస్తే నాకేంటి.

కాస్త తేరుకున్నాక నా ఫోను వాడి చేతిలో పెట్టాను. అది అప్పుడింకా కొత్త అడ్రస్‌తోనే ఉంది. వాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు.

"ఆ వచ్చే మనుషులందరూ నువ్వేనా?" అన్నాడు.

నేనే అన్నాను. ఎక్కడికెళ్తున్నావని అడిగాడు. చెప్పనన్నాను. వాడి ముఖం మాడిపోయింది, నా మీద నమ్మకం లేదా అన్నాడు. నాకు కోపం వచ్చింది, జాలీ వచ్చింది, రెండూ కలిపే మాట్లాడాను.

"నాదైతే ఎప్పుడో చెప్పేదాన్నిరా. ఇంకొకరిది. ఒకావిడ ఎవర్ని కలుస్తుందో లోకానికెందుకని నువ్వేగా అన్నావు? నీ అమ్మ ఆ ఒకావిడల్లో లేదా?"

వాడు జేబులోంచి తన ఫోను తీసి, అమ్మ అనే ఆ చుక్కని తీసిపారేశాడు. నా ఫోనులో ఆ ఏర్పాటు అలాగే ఉంచి తిరిగిచ్చాడు. ఎక్కడికెళ్తావో అడగనమ్మా, ఒట్టు, కానీ నేను చేస్తే ఎత్తు, నాకు ఇంకేం వద్దు, హలో అని పెట్టెయ్యి చాలు అన్నాడు. ఎత్తుతానని మాటిచ్చాను.

ఇచ్చాక భయం పట్టుకుంది. ఫోను మోగితే ఆవిడ మాట పోతుంది, మోగకపోతే వీడి ప్రాణం పోతుంది. మర్నాడు తేనె మేడమ్‌కి జరిగిందంతా చెప్పాను, బస్టాపు సంగతితో సహా. మీ గురించి ఒక్క ముక్క చెప్పలేదు మేడమ్, కానీ ఇక నుంచి ఫోను బల్ల మీద ఉంటుంది, మోగితే మోగుతుంది, నన్ను క్షమించాలి అన్నాను. ఆవిడ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఆ రోజు ఆట సాగలేదు. తర్వాత కొన్నాళ్ళూ అంతంతమాత్రమే, ఆ బల్ల వైపు చూస్తూ సగం మాటలోనే ఆగిపోయేది. మా వాడు అడగనన్న ఒట్టు నిలబెట్టుకున్నాడు, ఫోను కూడా ఒక్కసారీ చెయ్యలేదు. ఒకరికి ధైర్యం చెప్పబోయి ఇంకొకరి నోరు కుట్టేశానే అని నాకు తిండి సయించలేదు.

మొన్న ఎండ బాగా కాస్తోందని ఆవిడ దుప్పట్లు తీసుకురావడానికి పెరట్లోకెళ్ళాను. దండెం మీద నుంచి లాగుతుండగా లోపల ఫోను మోగింది. దుప్పట్లు భుజాన వేసుకుని పరిగెత్తబోతే మోకాలు సహకరించలేదు. గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తున్నాను. అది మోగుతూనే ఉంది. బెంచీ మీద ఆయన జేబే నా కళ్ళముందు మెదిలింది. ఇంతలో మోత ఆగిపోయింది. విసుగొచ్చి పెట్టేశాడనుకున్నాను.

గుమ్మంలోకి వచ్చి చూస్తే తేనె మేడమ్ ఫోను ఎడమ చేత్తో చెవి దగ్గర పట్టుకుని, నడుం నిటారుగా పెట్టి కూర్చుని ఉంది. ఎక్స్ఛేంజిలో కూర్చునేది చూడండి, అలా. నన్ను చూసి కూడా ఆపలేదు.

"హలో. మీ అమ్మగారు... ఇక్కడే ఉన్నారు. బాగున్నారు. మీరు... భయపడకండి" అంది. ఒక్కో మాటకీ ఆగి ఊపిరి పీల్చుకుంది, మధ్యలో రెండు మాటలు ముద్దముద్దగా వచ్చాయి. అయినా ఆపలేదు. చివర్న, "కలుపుతున్నానండీ" అని ఫోను నా చేతికిచ్చింది.

నేను హలో అన్నాను. అవతల వాడు, సరేనమ్మా, ఊరికే చేశాను అని పెట్టేశాడు. ఆవిడ మంచానికి ఆనుకుని, రొప్పుతూ, నా వైపు చూసి నవ్వుతోంది. నేను ఏడవకూడదని ఇన్నాళ్ళూ పెట్టుకున్న నియమం అక్కడితో సరి. దుప్పట్లు ముఖానికి అడ్డం పెట్టుకుని భోరుమన్నాను.

సాయంత్రం వాడు ఇంటికొచ్చాడు. ఏమైనా అడుగుతాడేమోనని వంటింట్లో తెగ సర్దుతున్నట్టు నటించాను. అడగలేదు. అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, తువ్వాలు వెతుక్కుంటూ నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"ఆవిడెవరో నాకొద్దమ్మా. కానీ గొంతు ఎంత బాగుందో" అన్నాడు.

రేపు వెళ్ళగానే ముందు ఈ మాట చెప్పాలి. ఆవిడ నమ్మదు. నమ్మేదాకా చెప్తూనే ఉంటాను.